యాభైకే ముసలితనం ఎందుకొస్తున్నది?

(కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలల్ల భూమి గురించి మాట్లాడుకుంటం. కైకిలి రేట్ల గురించి, రిజర్వేషన్ల గురించి, మన మీద జరిగే దాడుల గురించి మాట్లాడుకుంటం. ఈ రోజు కంచం గురించి మాట్లాడుకుందం. తిండి గురించి సభ ఏందని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి మన వాడల్ల తిరిగి చూడండి. నలభై అయిదేండ్ల మనిషి మోకాళ్లు పట్టుకొని లేస్తున్నడు. యాభై ఏండ్ల అక్కకు కండ్లు మసకబారి సూదిల దారం ఎక్కుతలేదు. కాలికి పుండయి వేలు తీయించుకున్నోళ్లున్నరు. పక్షవాతం వచ్చి మంచంల పడ్డోళ్లున్నరు. డయాలసిస్ కోసం వారం వారం పట్నం బస్సెక్కేటోళ్లున్నరు. వీళ్లు ఎనభై ఏండ్ల ముసలోళ్లు కాదు. చేతుల సత్తువ ఉండవలసిన వయసోళ్లు.

దీనికి మనోళ్లు పెట్టిన పేరు రాత. ‘వాని రాత అట్లున్నది’ అని మట్టి పోసి వస్తం. అంటరానితనం కూడ రాతనే అని మన తాతలకు చెప్పిన్రు. అది రాత కాదు, మనుషులు చేసిన ఏర్పాటు అని బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పిండు. మన ఒంట్లెకు తొందరపడి వచ్చిన ముసలితనం కూడ చాలావరకు అసొంటి ఏర్పాటే అని మేము చెప్పదలచుకున్నం.

2018ల ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఒక నివేదిక వేసింది. మన దేశంల చనిపోతున్న దళిత స్త్రీల సగటు వయసు పెద్దకులాల స్త్రీల కంటె 14.6 ఏండ్లు తక్కువ అని అందుల ఉన్నది. పద్నాలుగున్నర ఏండ్లంటె ఒక బిడ్డ పుట్టి పదో తరగతి దగ్గరికి వచ్చేంత కాలం. ఇదంత తిండితోనే అయిందని మేము అనం. నీళ్లు, పాయఖానా, దవాఖాన, కాన్పులు, చాకిరి అన్నీ ఉన్నయి అందుల. కానీ రోజుకు రెండుసార్లో మూడుసార్లో మన చేతిమీదుగ ఒంట్లెకు పోయేది తిండి. అందుకే దాన్ని ముందు పట్టుకున్నం.

మన కంచం ఎట్ల మారింది?

మన తాతల కాలంల కూలి పైసల రూపంల తక్కువ, గింజల రూపంల ఎక్కువ. దొర పొలంల వడ్లు పండించింది మనమే, కానీ తెల్లబువ్వ దొర ఇంట్ల. మనకు కొలిచి పోసినయి జొన్నలు, మక్కలు, సజ్జలు. పొద్దుగాల అంబలి, పగటీలి గట్క, మాపటికి రొట్టె. అందుల్కి పుంటికూర, గంగవాయిలికూర, చెంచలికూర, పప్పుల పుల్లగ. గొడ్డు కోసిననాడు పెద్దకూర, మిగిలింది ఎండబెడితె ఒట్టి తునకలు. వాగుల చేపలు, పొలాలల్ల ఎండ్రికాయలు. వరి అన్నం పండుగనాడు.

అప్పుడు కడుపు నిండిందా అంటె నిండలేదు. ఎండకాలంల అంబలిల నీళ్లెక్కువ, గింజ తక్కువ. ఆ కాలం బంగారు కాలం అని ఎవడన్న చెప్తె నమ్మొద్దు. వెట్టి చేసిన కాలం అది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల జైత్రయాత్ర జరిగిందంటె, ఆకలి, వెట్టి, కూలి, భూమి అన్నీ కలిసి జనాన్ని నడిపించినయి.

తర్వాత మూడు మార్పులు వచ్చినయి. మొదటిది నీళ్లు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిండు. కాకతీయ కాలువ పారినకాడల్ల, బోర్లు పడ్డకాడల్ల కరీంనగర్ చెల్కలు వరిమడులయినయి. రెండోది రేషను. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. మన ఇండ్లల్ల రోజూ తెల్లబువ్వ వండుకునుడు ఆ బియ్యంతోనే నిలబడ్డది. మూడోది పత్తి. ఆదిలాబాద్‌ల జొన్న, కంది కలిపి వేసిన చేన్లు పత్తి చేన్లయినయి. పత్తి చేన్ల గడ్డి మందు కొడితె గడ్డితో పాటు గంగవాయిలి చచ్చింది, చెంచలి చచ్చింది. పైస లేకుండ దొరికే కూర పోయింది.

రెండు రూపాయల బియ్యాన్ని మేము తప్పు పడుతలేం. ఆ బియ్యం మన పొయ్యి ఆరకుండ కాపాడింది. కిలో రూపాయి అయినా, ఉత్తగ ఇచ్చినా, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నా, అది మన హక్కు. ఒక్క కిలో కూడ వదులుకోవద్దు. మేము అడుగుతున్నది వేరే. సర్కారు బియ్యం ఇచ్చి ఊరుకున్నది. బువ్వ వచ్చింది, కూర రాలే. ఇప్పుడు మన కంచంల కుప్ప బువ్వ, అంచుకు ఇంత తొక్కు, ఇంత కారం. పగటీలి అదే, మాపటికి అదే. నడుమ చక్కెర చాయ. ఇది మన తాతల తిండి కాదు, పెద్దింటోళ్ల తిండి కూడ కాదు. పెద్దింటోళ్ల కంచంల బువ్వ చుట్టు పప్పు, రెండు కూరలు, పెరుగు, నెయ్యి ఉంటయి. మనకు వాళ్ల బువ్వ ఒక్కటే వచ్చింది.

ఒంట్లె ఏం జరుగుతది?

మేము బడిపంతుళ్లం, డాక్టర్లం కాదు. అయినా పిల్లలకు చెప్పినట్టు చెప్తం.

మిల్లుల పాలిష్ పట్టిన బియ్యానికి పైన తవుడు పోతది. తవుడుతోటి పీచు, విటమిన్లు పోతయి. మిగిలిన తెల్లగింజ కడుపులకు పోయి తొందరగ చక్కెరయి నెత్తుర్ల కలుస్తది. ఆ చక్కెరను కండల్లకు పంపే పని ఇన్సులిన్‌ది. పొద్దందాక నాటు వేసి, కోత కోసి, మోపులు మోసిన ఒంట్లె ఆ చక్కెర కండల్ల కాలిపోయింది. ఇప్పుడు వరికోత మిషను వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, గడ్డి మందు వచ్చింది. కోరుట్ల, జగిత్యాల దిక్కు మన అక్కలు పొద్దందాక చాట ఒడిల పెట్టుకొని బీడీలు చేస్తరు. కూసున్నకాడికెల్లి లేవరు, ఆకలయితె చాయ తాగుతరు. పని మారింది, బువ్వ కుప్ప మారలే. కాలని చక్కెర నెత్తుర్ల తిరుగుతది. ఏండ్ల తరబడి తిరిగితె సన్న నరాలను, సన్న రక్తనాళాలను పాడుచేస్తది. కండ్లల్ల నాళాలు పాడయితె చూపు పోతది. కిడ్నీల పాడయితె డయాలసిస్. కాళ్లల్ల నరాలు మొద్దుబారితె ముల్లు గుచ్చుకున్నా తెలవదు, పుండయితది, మానదు. 2023ల భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్క ప్రకారం దేశంల 10 కోట్ల మందికి పైన షుగరున్నది, ఇంక 13 కోట్లకు పైన మంది దాని గడపల ఉన్నరు. ఇది బలిసినోళ్ల రోగమని ఇంక అనుకోవద్దు.

రెండోది ఉప్పు. కూర లేని కంచంల తొక్కు, కారం, ఎండుచేప పడితెనే బువ్వ దిగుతది. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటె ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. తొక్కు మెతుకులు తినే ఇంట్ల అది పగటీలికే దాటుతది. ఉప్పెక్కువయితె బీపీ పెరుగుతది. బీపీకి నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. ఒకనాడు చెయ్యి, కాలు పడిపోతెనే తెలుస్తది.

మూడోది కండ. ముప్ఫై, నలభై ఏండ్లు దాటినంక మనిషి ఒంట్లె కండ మెల్లమెల్లగ తరుగుతది. పనిచేస్తె, పప్పు, గుడ్డు, మాంసం, పాలు అందితె ఆ తరుగుడు నెమ్మదిగ ఉంటది. అందకపోతె తొడలల్ల సత్తువ పోతది. ముసలవ్వ పీట మీదికెల్లి లేవలేక పడ్డదంటె, తుంటిబొక్క విరిగిందంటె, అది ఆ ఒక్కనాటి కథ కాదు. ఇరవై ఏండ్ల సంది కంచంల పప్పు లేని కథ.

ముసలితనం తల్లి కడుపులనే మొదలయితది

ఇది మీరందరు మనసు పెట్టి వినాలె. మన తెలంగాణలనే జరిగిన పని ఇది.

హైదరాబాద్ దగ్గరి రంగారెడ్డి జిల్లా పల్లెలల్ల 1987 నుంచి 1990 దాక 29 ఊర్లు తీసుకున్నరు. 15 ఊర్లల్ల అంగన్‌వాడీ పథకం కింద కడుపుతోటి ఉన్న తల్లులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా లాంటి వండిన తిండి అందింది. 14 ఊర్లకు ఆ పథకం అప్పటికింక రాలేదు. జాతీయ పోషకాహార సంస్థ మొదట పిల్లల పుట్టుక బరువులు చూసింది. తర్వాత ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏండ్లు వచ్చినంక పరిశోధకులు మల్ల ఆ ఊర్లకు పోయి 1,165 మందిని పరీక్ష చేసిన్రు. 2008ల ఆ ఫలితం బయటికి వచ్చింది. తిండి అందిన ఊర్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగిన్రు. ఇన్సులిన్ వాళ్ల ఒంట్లె మెరుగ్గ పనిచేస్తున్నది. వాళ్ల రక్తనాళాలు గట్టిపడుడు తక్కువున్నది. బీపీల, కొలెస్టరాల్‌ల గట్టి తేడా కనబడలే, అది కూడ చెప్పాలె. కానీ రక్తనాళాలు గట్టిపడుడంటె ఏంది? ముసలితనమే. పదిహేనేండ్ల పిల్లల నాళాలల్ల ఆ తేడా కనబడ్డది. తల్లికి పెట్టిన ఒక గిన్నె ఉప్మాకు అంత బలం ఉన్నది.

యూరప్‌ల కూడ ఇసొంటిదే చూసిన్రు. 1944-45 చలికాలంల హిట్లర్ సైన్యం హాలెండుకు తిండి రాకుండ ఆపింది. ఆ కరువుల తల్లి కడుపుల ఉన్న పిల్లలు యాభై ఏండ్లకు వచ్చినంక వాళ్ల నెత్తుర్ల చక్కెర అదుపు తప్పుడు ఎక్కువ కనబడ్డది. వాళ్లకు ఒక్క చలికాలం కరువు. మనకు ఎన్ని తరాల కరువు? కడుపుల ఉన్నప్పుడు ఆకలి చూసిన ఒళ్లు, ‘బయట తిండి లేదు, దొరికింది దాచుకో’ అని తయారయి వస్తది. ఆ ఒంటికి పెద్దయినంక కుప్పలుగ తెల్లబువ్వ, చక్కెర చాయ పోస్తె తట్టుకోదు. మనోళ్లు సన్నగ ఉండి కూడ షుగరు బారిన పడుడు వెనుక ఈ కారణం ఒకటున్నది.

ఇప్పుడు మన ఇండ్లకు వద్దాం. మన ఇంట్ల ఎవరు ఆఖరికి తింటరు? ఆడిమనిషి. మొగోళ్లు తిన్నంక, పిల్లలు తిన్నంక, గిన్నె అడుగున మిగిలిన పులుసు ఆమెకు. కూర తునకలు ఆమె దాక రావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి నెత్తురు తక్కువున్నది. నెత్తురు లేని తల్లి కడుపుల పిల్ల పెరుగుతది. కులం మనల్ని ఊరవతల కూసోబెట్టిందని కొట్లాడే మనం, మన ఇంట్ల ఆడిమనిషిని కంచం అవతల కూసోబెడితె ఎట్ల? ఆమె పస్తు మన మనుమల ముసలితనం దాక పోతది.

సిగ్గు ఎవరు నేర్పిన్రు?

మా తరం ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చదివిన తరం. హాస్టళ్లల్ల చదువుకున్నం. ఇంటికాడ అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టె, తునకల కూర డబ్బా మూత సగమే తీసి గోడ దిక్కు తిరిగి తిన్నం. మా తిండి వాసన వస్తదని పక్కపిల్లలు జరిగి కూసున్నరు. జొన్న తింటె మొరటోళ్లు, గొడ్డుమాంసం తింటె అంటరానోళ్లు. మనిషిని తక్కువ చెయ్యాలంటె ముందు వాని తిండిని తక్కువ చేస్తరు. 1948ల అచ్చయిన ‘అస్పృశ్యులు’ పుస్తకంల అంబేద్కర్ ఈ గొడ్డుమాంసం తిండికి, అంటరానితనానికి ఉన్న ముడిని చరిత్రల వెతికి చూపిచ్చిండు.

మరి ఇప్పుడేమయింది? సర్కారు లెక్కలల్ల జొన్న, సజ్జ, తైద అన్నీ ముతక ధాన్యాలు. 2018ల వాటి పేరు మార్చి పోషక ధాన్యాలన్నరు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఢిల్లీల వాటికి శ్రీఅన్న అని పేరు పెట్టిన్రు. మనం తిన్నన్ని రోజులు ముతక, వాళ్లు తినంగనే శ్రీ. పట్నంల షాపులల్ల అద్దాల డబ్బాలల్ల పెట్టి బియ్యం కంటె ఎక్కువ ధరకు అమ్ముతున్నరు. మన అవ్వ అంబలి హోటళ్లల్ల గ్లాసుల అమ్ముడు పోతున్నది. అవ్వ మాత్రం చాయ, బిస్కెట్లతోటి పొద్దు గడుపుతున్నది.

గింజలల్ల ఏమున్నదో జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలల్ల లెక్క రాసింది. వంద గ్రాముల తెల్ల బియ్యంల పీచు 3 గ్రాములు లేదు, జొన్నలల్ల 10 గ్రాములున్నది. ఇనుము తెల్ల బియ్యంల ఒక మిల్లీగ్రాము కూడ లేదు, జొన్నలల్ల 4 దగ్గర, సజ్జలల్ల 6 పైన. బొక్కలకు కావలసిన కాల్షియం బియ్యంల 10 మిల్లీగ్రాములు లేదు, తైదలల్ల 360 పైన. పీచు ఉన్న గింజ నిదానంగ అరుగుతది, చక్కెర నిదానంగ ఎక్కుతది. పెద్దకూరల, కార్జంల ఉన్న ఇనుమును ఆకుకూరల ఇనుము కంటె ఒళ్లు బాగ పట్టుకుంటది. మాంసంల ఉన్న బి12 విటమిన్ ఏ ఆకుల, ఏ గింజల దొరకదు.

అయితె ఒక నిజం దాచిపెట్టి మాట్లాడొద్దు. ఒక్క జొన్ననే తిన్నా ఒళ్లు నిలబడదు. 1960 ప్రాంతంల పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాద్ దవాఖానలకు వచ్చిన పేదోళ్లల్ల పెల్లాగ్రా అనే జబ్బును చూసిన్రు. ఎండ తగిలినకాడ చర్మం నల్లబడి పొట్టు లేస్తది, విరేచనాలు, మతి తప్పుడు. వాళ్లు ఎక్కువగ జొన్న మీద బతికిన పేదలు. జొన్న చెడ్డదయి కాదు, జొన్నతోటి పప్పు, పాలు, మాంసం లేక. అప్పుడు ఒట్టి జొన్న, ఇప్పుడు ఒట్టి బువ్వ. గింజ మారింది గని ఒంటరితనం మారలే. కంచంల నాలుగు రకాలు పడుడు, అదే అసలు సంగతి.

ఇంట్ల ఏం చేద్దాం?

మందు షాపు సలహాలు కాదు, చేతనయినయి చెప్తం.

రోజుకు ఒక్క పూట బియ్యం బదులు జొన్నరొట్టో, గట్కనో, అంబలో తిందాం. బువ్వ కుప్ప తగ్గించి, ఆ జాగల పప్పు, కూర పోసుకుందాం. పెసర్లు, ఉలవలు, అనుములు, శనగలు ఉడకేసుకుంటె గుగ్గిళ్లయితయి, పిల్లలకు పదిరూపాయల రంగు పొట్లం కంటె అవి మేలు. ఆ పొట్లాలల్ల ఉప్పు, నూనె, పిండి తప్ప ఏం లేదు. దడి పక్కన ఒక మునగచెట్టు, ఒక నిమ్మచెట్టు, నాలుగు పుంటికూర మొక్కలకు ఎకరం అవసరం లేదు. మునగాకుల కాల్షియం దండిగ ఉన్నది. నిమ్మరసం పిండుకుంటె ఆకుకూరల ఇనుము బాగ ఒంటికి పడుతది. తిన్నంక వెంటనే చాయ తాగితె ఆ ఇనుము పడదు, గంటసేపు ఆగాలె.

గుడ్డు, చేప, కోడి, పెద్దకూర ఏది దొరికితె అది, సిగ్గు లేకుండ తిందాం. అందులో ఆడోళ్లకు, కడుపుతోటి ఉన్నోళ్లకు, ముసలోళ్లకు ముందు పెడదాం. ఒట్టి తునకలల్ల, ఎండుచేపలల్ల ఉప్పెక్కువ, బీపీ ఉన్నోళ్లు నానబెట్టి కడిగి కొంచెమే తినాలె. పండ్లు ఊడిన ముసలోళ్లు మెత్తటి బువ్వ, చాయ మీదనే బతుకుతున్నరు. వాళ్లకు అంబలిల సల్ల కలిపి, మెత్తటి పప్పు, ఉడకబెట్టిన గుడ్డు పెడితె కండ నిలబడుతది.

ఇంకో మాట. అంబలి మందు కాదు. షుగరు, బీపీ గోలీలు వాడేటోళ్లు జొన్నరొట్టె తింటున్నమని గోలీలు బంద్ పెట్టొద్దు. జొన్నల కూడ పిండి ఉన్నది, కుప్పగ తింటె షుగరు పెరుగుతది. కిడ్నీ జబ్బున్నోళ్లు పప్పు, మాంసం ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలె. ముప్ఫై ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరు సర్కారు దవాఖానల బీపీ, షుగరు చూపించుకోవాలె. ఆశ కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడిగితె పైస లేకుండ చూస్తరు.

సారా, బ్రాందీ, మందు కలిపిన కల్లు గురించి వేరే చెప్పనక్కర లేదు. ఒక సీసా పైసలకు ఇంట్ల వారంరోజుల గుడ్లు వస్తయి. ఈ లెక్క మన అక్కలకు బాగ తెలుసు. 1990ల మొదట్ల సారా మీద కొట్లాడి సర్కారు మెడలు వంచింది వాళ్లే.

సర్కారును ఏం అడుగుదాం?

ఇంట్ల మార్చుకునేది కొంతనే. కైకిలి దొరకని నాడు పప్పు కొనుక్కో అంటె ఎక్కడికెల్లి కొంటరు? అందుకే ఇది ఉద్యమం పని.

ఒకటి. 2013 ఆహార భద్రతా చట్టంల బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడ రాసి ఉన్నయి. కొత్త చట్టం అవసరం లేదు. రేషన్ షాపుల బియ్యంతో పాటు జొన్నలు, సజ్జలు, కందిపప్పు, నూనె ఇవ్వమని అడుగుదాం. ఊర్లె కొన్న జొన్న ఊర్లెనే రేషన్‌ల పంచితె రైతుకు ధర, మనకు తిండి.

రెండు. తెలంగాణల 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలయింది. కడుపుతోటి ఉన్నోళ్లకు, బాలింతలకు అంగన్‌వాడీల పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అది ప్రతి వాడకు అందుతున్నదా? గుడ్డు రోజూ వస్తున్నదా? మన వాడ ఆడిబిడ్డలను అక్కడ అందరితో పాటు ఒక్క వరుసల కూసోబెడుతున్నరా? మన సంఘాల అక్కలు వారానికి ఒకసారి పోయి చూడాలె, రాసుకోవాలె. రంగారెడ్డి పిల్లల ముచ్చట యాది పెట్టుకొని పోవాలె.

మూడు. బడి భోజనంల, హాస్టళ్లల్ల గుడ్డు, మాంసం తీయొద్దు. గుడ్డు మైల అనేటోడు వాని ఇంట్ల తినకుంటె మానె, మన పిల్లల కంచం మీద చెయ్యి పెట్టొద్దు.

నాలుగు. భూమి. జొన్న పండాలంటె చెల్క ఉండాలె. దళితులకు మూడెకరాల పథకం 2014 ఆగస్టు 15న మొదలయింది. ఎంతమందికి అందిందో మన వాడలల్ల చేతులెత్తమంటె తెలుస్తది. జహీరాబాద్ ప్రాంతంల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల దళిత ఆడోళ్లు 1980ల నుంచి పడావు భూములను సాగుకు తెచ్చుకున్నరు. ఇత్తనాలు వాళ్లే దాచుకున్నరు. తర్వాత సర్కారు బియ్యానికి తోడు సొంత జొన్నల రేషన్ కూడ నడుపుకున్నరు. 2019ల వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇటు ఉట్నూరుల ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. అడవి తిండి అని నవ్వినోళ్లే ఇప్పుడు కొనుక్కొని తింటున్నరు. చదువు రాదని లోకం అనుకున్న ఆడోళ్లు చేసిన పనులివి. మన కాడ ఎందుకు కావు?

చివరగ ఒక మాట. బాబాసాహెబ్ షుగరు జబ్బుతోటి ఏండ్లకేండ్లు బాధపడ్డడు. కాళ్ల నొప్పులు, చూపు తగ్గుడు, నిద్ర లేకుండుడు. ఆ ఒంటితోనే రాజ్యాంగం రాసిండు. 1956 డిసెంబర్ 6న 65 ఏండ్లకే పోయిండు. ఇంకో పదేండ్లు ఆయన మన మధ్య ఉంటె ఏమయ్యేదో ఎవరికి వారు ఆలోచించుకోండి. మన ఉద్యమంల కూడ ఎంతమంది కార్యకర్తలు చాయ, బీడీ మీద తిరిగి తిరిగి యాభై దాటకుండ పోతున్నరు. అమరులకు దండలు వేసుకుంటనే ఉన్నం. బతికున్న కార్యకర్తకు పూట తిండి పెట్టుడు కూడ ఉద్యమమే.

మనకు భూమి కావాలె, చదువు కావాలె, అధికారం కావాలె. అవి అందినంక అనుభవించే ఒళ్లు కూడ కావాలె. వచ్చే నెల సమావేశం వరకు ప్రతి వాడల రెండు పనులు కావాలె. ముప్ఫై దాటిన అందరి బీపీ, షుగరు పరీక్ష. అంగన్‌వాడీల గుడ్డు, పాల లెక్క. ఆ కాగితాలు పట్టుకొని రండి. వాటితోనే కలెక్టర్ ఆఫీసులకు పోదాం.

జై భీం.